మార్చిన తుంటి కీలు ఎందుకు వదులవుతుంది?

ప్రశ్న: మా అమ్మకు 2009లో తుంటి కీలు మార్చారు. ఇన్నేళ్లూ బాగానే నడిచింది. ఈమధ్య కుర్చీలోంచి లేచి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు తొడలో నొప్పి అంటోంది. కీలు వదులైందని డాక్టరుగారు అన్నారు. ఎక్కువ నడవడం వల్లేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నడకను తప్పు పట్టకండమ్మా. అరుగుదల నడకతోనే వస్తుంది గానీ, ఎంత అరిగిందన్నది చాలావరకు ఏ పదార్థం వాడారన్న దాన్నిబట్టే ఉంటుంది.

కృత్రిమ కీలులో గిన్నె లోపల సాధారణంగా పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ పొర, అందులో తిరిగే లోహపు లేదా సిరామిక్ బంతి ఉంటాయి. పాతరకం పాలిథిలిన్ ఏడాదికి సుమారు 0.1 మి.మీ. అరుగుతుంది. ఆ రజనులో చాలా రేణువులు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి. మన రక్షణ కణాలు వాటిని మింగుతాయి, అరిగించుకోలేవు. అప్పుడవి విడుదల చేసే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. అంటే కీలు తనంతట తాను ఊడదు, దాన్ని పట్టుకున్న ఎముకే కరిగిపోతుంది. ఏడాదికి 0.05 మి.మీ. లోపు అరిగితే ఈ బెడద అరుదు. 1990ల చివర్లో వచ్చిన క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్‌తో (అణువుల గొలుసులను ఒకదానికొకటి ముడివేసిన రకం) అరుగుదల బాగా తగ్గింది.

తొడ ఎముకలో దిగే కాడదీ ఒక సమస్యే. కాడకు వాడే లోహాల్లో కోబాల్ట్-క్రోమియం ఎముకకన్నా పదింతలకు పైగా బిరుసు. బరువంతా అదే మోస్తే పైభాగపు ఎముక పనిలేక పలచబడుతుంది. టైటానియం బిరుసు అందులో సగమే. అయితే దానిమీద సులువుగా గీతలు పడతాయి కాబట్టి బంతికి పనికిరాదు.

2009 అన్నారు కనుక డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంట్ స్టిక్కర్ (అమర్చిన కీలు వివరాలుండే చీటీ) తప్పక వెతకండి. బంతీ గిన్నే రెండూ లోహమే అయిన డెప్యూ కంపెనీ ఏఎస్ఆర్ రకం కీళ్లను 2010 ఆగస్టులో వెనక్కి పిలిచారు. అవి మన దేశంలోనూ వాడారు. అలాంటిదైతే అరిగిన లోహం రక్తంలో చేరుతుంది కాబట్టి రక్తంలో కోబాల్ట్, క్రోమియం పరీక్ష చేయించాలి.

దేనికన్నా ముందు ఇన్ఫెక్షన్ లేదని తేలాలి. అదీ కీలును వదులు చేస్తుంది, దాని చికిత్స పూర్తిగా వేరు. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించండి. అవి ఎక్కువగా ఉంటే కీలు నీరు తీసి కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపుతారు. ఈలోగా సొంతంగా యాంటీబయాటిక్స్ వేయొద్దు, కల్చర్‌లో క్రిమి దొరక్కుండా పోతుంది. పాత ఎక్స్‌రేలన్నీ తీసుకెళ్లండి. కాడ కిందికి దిగిందా, చుట్టూ నల్లగీత వెడల్పవుతోందా అన్నది పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

వదులైనట్టు ఖాయమైతే రివిజన్ ఆపరేషన్‌ను (పాత కీలు తీసి కొత్తది అమర్చడాన్ని) ఏళ్లతరబడి వాయిదా వేయకండి. ఎముక ఎంత కరిగితే కొత్త కీలుకు అంత పట్టు తగ్గుతుంది.