సుల్తానియా మీద రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇరాన్‌లోని సుల్తానియా మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం నీకు లొంగుతోంది గాని, ఊరు ఇంకా లొంగలేదు. మొదటి పేరాలోనే నీలి గుమ్మటాన్ని నిలబెట్టి, 'వైభవం', 'అపురూపం', 'అజరామరం' అన్న మాటలను దాని చుట్టూ కాపలా పెట్టావు. సుమారు 50 మీటర్ల ఎత్తున ఇటుకలతో లేచిన అష్టభుజి సమాధి అది, మంగోలు రాజు ఓల్జాయితుది. రెండు పొరల గుమ్మటాల్లో ఇరాన్‌లో నేటికి నిలిచి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. 2005లో యునెస్కో జాబితాకెక్కింది. దాన్ని మెచ్చుకోవలసిందే. అయితే అంత పెద్ద కట్టడం జంజాన్ దగ్గరి ఆ చిన్న ఊళ్లో ఎందుకుందన్న ప్రశ్న పాఠకుడికి మొదటి క్షణంలోనే పుడుతుంది, నీ వ్యాసం చివరిదాకా చదివినా జవాబు దొరకదు.

జవాబు గడ్డిలో ఉంది. ఇరాన్‌ను ఏలిన మంగోలు ఇల్ఖానులు రాజులయ్యాక కూడా సంచారం మానలేదు. చలికాలం వెచ్చని పల్లపు నేలల్లో గడిపి, ఎండలు ముదిరేసరికి గుర్రాలతో, మందలతో, గుడారాలతో ఎత్తైన పచ్చిక మైదానాలకు తరలివెళ్లేవారు. దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న సుల్తానియా మైదానం వారి వేసవి విడిది. అక్కడ నగరం కట్టాలని ఇల్ఖాను అర్ఘూన్ మొదలుపెట్టాడు; అతని కొడుకు ఓల్జాయితు 1304లో గద్దెనెక్కి, ఆ పనిని తలకెత్తుకుని, సుల్తానియాను రాజధాని చేశాడు. అంటే దర్బారు వచ్చిందని నగరం లేచింది గాని, నగరం ఉందని దర్బారు రాలేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే, 1335లో ఓల్జాయితు కొడుకు అబూ సయీద్ వారసుడు లేకుండా చనిపోయాక ఇల్ఖానుల రాజ్యం ముక్కలై, ఊరు రాజధాని హోదాను ఎందుకు నిలుపుకోలేకపోయిందో పాఠకుడు తనంతట తానే గ్రహిస్తాడు. నువ్వు 'కాలగర్భంలో కలిసిపోయింది' అని నిట్టూర్చనక్కరలేదు. పైగా ఆ నిట్టూర్పు నిజమూ కాదు. 1404లో తైమూరు దగ్గరికి వెళుతూ ఈ ఊరి మీదుగా సాగిన స్పెయిన్‌లోని కాస్తీల్ రాజ్యపు రాయబారి క్లావిహో ఇక్కడ చూసింది శిథిలాలను కాదు, సంతను. వేసవి నెలల్లో ఒంటెల బిడారులు వచ్చేవని, గీలాన్ పట్టు, హొర్ముజ్ ముత్యాలు, మన దేశపు సుగంధ ద్రవ్యాలు చేతులు మారేవని రాశాడు. నీ వ్యాసంలో ఒక్క వ్యాపారి కూడా లేడు.

రాజు తప్ప మనుషులెవరూ లేకపోవడం మరో లోపం. ఆ దర్బారులో ఇద్దరు వజీర్లుండేవారు. ఇరాన్‌లోని హమదాన్ నగరపు యూదు కుటుంబంలో పుట్టి, వైద్యుడిగా ఎదిగి, ప్రపంచ చరిత్ర రాసిన రషీదుద్దీన్ ఒకడు. అతనికి పోటీగా వచ్చిన తాజుద్దీన్ అలీ షా మరొకడు. ఓల్జాయితు 1316లో చనిపోయిన తరువాత అతనికి విషమిచ్చాడన్న నింద మోపి 1318లో రషీదుద్దీన్‌ను చంపారు. అలీ షా మాత్రం సహజ మరణం పొందాడు. ఇల్ఖానుల వజీర్లలో అది ఎంత అరుదంటే చరిత్రకారులు దాన్ని ప్రత్యేకించి రాసుకున్నారు. ఈ ఇద్దరి మధ్య నడిచిన పోరు నీ నాలుగు పుటల వర్ణన కన్నా ఆ కాలాన్ని బాగా చూపిస్తుంది.

ఇక ఆ కథ సంగతి. ముహమ్మద్ ప్రవక్త అల్లుడు అలీ, మనవడు హుస్సేన్‌ల పార్థివ దేహాలను తెచ్చి ఇక్కడ ఉంచాలన్నదే ఓల్జాయితు సంకల్పమని, అది నెరవేరక తన సమాధిగా మార్చుకున్నాడని నువ్వు జరిగిన విషయంలా రాశావు. అది ప్రచారంలో ఉన్న కథ; పరిశోధకులు చాలామంది దాన్ని శంకిస్తారు. కథను తీసెయ్యమనను, కథగానే చెప్పు. రుజువుగా కనిపించేది వేరే ఉంది: లోపలి గోడల మీద మొదట ఇటుక, పలకల అలంకరణ చేసి, తరువాత దాన్నంతా గచ్చుతో కప్పి, పైన రంగులతో మళ్లీ చిత్రించారు. ఎందుకన్నదానిపై వాదోపవాదాలున్నాయి. ముందు గోడను చూపించి ఆ తరువాత వాదాన్ని చెప్పు. ఈ వరుస తిరగబడితే పాఠకుడు కథనే సాక్ష్యంగా నమ్ముతాడు.

నువ్వు ఇరాన్ వెళ్లలేదని మొహమాటపడుతూ రాశావు. హైదరాబాదులోనే ఉన్నావు కనుక చార్మినార్ దగ్గర మొహర్రం సంతాపం జరిపే బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు వెళ్లి, రంగు పలకలను ముక్కలుగా కోసి పేర్చిన ఆ గోడల ముందు కొంతసేపు నిలబడు. అవి సుల్తానియాకు మూడు వందల ఏళ్ల తరువాతివి, కట్టించిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఈ బంధుత్వాన్ని వ్యాసంలోకి లాగవద్దు. పలక అంచు ఎలా కోస్తారో, పక్క పలకతో ఎలా అతుకుతుందో కళ్లారా చూస్తే 'నీలి కాంతులు' అన్న మాట నీ కలం నుంచి మళ్లీ రాదు.

తిరగరాసేటప్పుడు పచ్చికతో మొదలుపెట్టి, దర్బారును, సంతను దాటాకే గుమ్మటం దగ్గరికి రా. రెండో ప్రతి పూర్తికాగానే పంపించు.

ఆశీస్సులతో.