అల్లుడు బాతామ్ తీసుకెళ్తానంటున్నాడు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు సింగపూర్‌లో ఉంటారు. వచ్చే నెల ఇరవై రోజులకు వెళ్తున్నాను. ‘పక్కనే బాతామ్ దీవి అత్తయ్యా, పొద్దున్న వెళ్లి రాత్రికి వచ్చేద్దాం, ఇండోనేషియా కూడా చూసినట్టుంటుంది’ అంటున్నాడు అల్లుడు. నాకు 63 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. గుడ్డు కూడా ముట్టను. పడవంటే భయం. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: గోదావరి ఒడ్డున ఉంటూ పడవంటే భయమేమిటండీ! వెళ్లండి. కాకపోతే మీ అల్లుడిగారి ఫోన్‌లో ఈపాటికే ఒక లిస్టు తయారై ఉంటుంది. అందులో ముప్పావు వంతు కొట్టేయించాకే బయల్దేరండి. నేను సింగపూర్‌లో పదకొండేళ్లు ఉన్నాను. చుట్టాలొచ్చినప్పుడల్లా బాతామ్ తిప్పి తీసుకొచ్చిన అనుభవంతో చెప్తున్నాను.

ముందు మీ సింగపూర్ వీసా కాగితం తీయండి. ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో అందులో రాసి ఉంటుంది. ‘మల్టిపుల్’ అని ఉంటేనే ఈ జవాబు చదవండి. ‘సింగిల్’ అని ఉంటే బాతామ్ మాట మర్చిపోండి, ఎందుకంటే వెళ్లడం సులువే, తిరిగి రానివ్వరు. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. ఇండోనేషియా వీసా మనవాళ్లకు అక్కడ దిగాక టెర్మినల్‌లోనే ఇస్తారు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకున్నా సరే. రుసుము 5 లక్షలు. కంగారు పడకండి, 5 లక్షల రుపియా, అంటే ఇండోనేషియా డబ్బు! ఒక్క సింగపూర్ డాలర్‌కే 12,000కు పైగానే రుపియా వస్తుంది. అయితే 30 రోజులు ఉన్నా, ఆరు గంటలు ఉన్నా రుసుము అదే. ఒక్క పూటకి అంత కట్టడం నాకిప్పటికీ మనసొప్పదు. రెండు వైపులా ఆన్‌లైన్ అరైవల్ కార్డులు నింపాలి. సింగపూర్‌కు తిరిగొచ్చేటప్పుడు మళ్లీ కొత్తగా నింపాలన్న సంగతి చాలామంది మర్చిపోతారు.

ఇక మీ భయం సంగతి. ఇది మన లాంచీ లాంటిది కాదు. తలుపులు మూసిన ఏసీ ఫెర్రీ, సినిమా హాల్లో లాగా వరసగా సీట్లు. ప్రయాణం ముప్పావు గంట నుంచి గంట. దారంతా లంగరేసిన ఓడలే కనపడతాయి, నడిసముద్రంలో ఉన్నామన్న దిగులు పుట్టదు. ముందు వరసల్లో కుదుపు ఎక్కువ, వెనకగా, మధ్యలో కూర్చోండి. కడుపు నిండా తిని ఎక్కకండి. డిసెంబరు, జనవరిల్లో అయితే వానలూ ఎక్కువే, అలలూ ఎక్కువే. మేం హార్బర్‌ఫ్రంట్ నుంచి ఎక్కేవాళ్లం, అక్కడిదాకా మెట్రో ఉంది. టెర్మినళ్లు ఒకటికి మించి ఉన్నాయి కాబట్టి మీ టికెట్ మీద ఏది రాసి ఉందో చూసుకోండి. బాతామ్‌లో కూడా అంతే. మీరు బాతామ్ సెంటర్‌లో దిగండి, నేను చెప్పబోయే చోటుకి అదే దగ్గర.

టైము గురించి చెప్పాలి, మా ఇంట్లో దీనిమీద ఇప్పటికీ గొడవే. బాతామ్ గడియారం సింగపూర్‌కి గంట వెనక. తిరుగు టికెట్ మీద వేసేది బాతామ్ టైము. మేం దిగగానే ఫోన్లు వాటంతట అవే గంట వెనక్కి తిప్పుకున్నాయి. మావారేమో ‘ఇక్కడ గంట వెనక కదా’ అని, ఫోన్‌లో ఐదైతే నాలుగని లెక్కేసి, ఇంకా బోలెడు టైముందని మరో కాఫీ చెప్పారు. మేం టెర్మినల్ చేరేసరికి మా ఫెర్రీ తోక కనపడింది. తర్వాతి ఫెర్రీ దాకా మా ఆడపడుచు ఒక్క మాట మాట్లాడలేదు. మీరు మాత్రం చేతి గడియారం పెట్టుకోండి, దిగగానే ఒక్కసారి గంట వెనక్కి తిప్పండి, ఇక లెక్కలు వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు చూడాల్సింది ఒక్కటే చోటు, మహా విహార దూత మైత్రేయ. ఇండోనేషియా పేరే అది, నేను తెలుగులోకి మార్చలేదు. టెర్మినల్ నుంచి టాక్సీలో కాసేపే. విశాలమైన బౌద్ధ విహారం, పొట్ట పట్టుకుని నవ్వే మైత్రేయుడి విగ్రహాలు, నేల చల్లగా, కూర్చోవడానికి బోలెడు చోటు. మీ మోకాళ్లకు ఇంతకంటే మంచిది లేదు. పైగా ఆవరణలోనే శాకాహార భోజనశాల ఉంది. మా అత్తగారు జీవితంలో మొదటిసారి పరదేశంలో ‘ఇందులో ఏముంది’ అని అడగకుండా తిన్నది అక్కడే. మీ మధ్యాహ్నం భోజనం అక్కడే కానివ్వండి.

బయట తినాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. కూరగాయలే కదా అనుకుంటాం, వాటిలో కలిపిన సాంబల్‌లో, అంటే మిరపకాయల పచ్చడిలో, తెరాసి ఉంటుంది, అంటే రొయ్యల ముద్ద. గాడో గాడో అని ఉడికించిన కూరలు, వేరుశనగ పులుసుతో ఇస్తారు, చాలా బావుంటుంది. దాని మీద గుడ్డు పెడతారు, పక్కన అప్పడంలాంటిది పెడతారు. ఆ అప్పడం చాలాసార్లు రొయ్యలదే. ‘తన్పా తెరాసి, తన్పా తెలూర్’ అనండి. తెరాసి వద్దు, గుడ్డు వద్దు అని. తెంపే, అంటే పులియబెట్టిన సోయా గింజల అచ్చు, వేయించి ఇస్తే మన వడల్లాగే కరకరలాడుతుంది.

మాటల గురించి ఇంకొకటి చెప్పి తీరాలి. అక్కడ భాషని బహాస అంటారు, రంగుని వర్న అంటారు, రుచిని రాస అంటారు. ఆ ధీమాతోనే నేను మాల్‌లో ‘ప్రియ’ అని రాసి ఉన్న తలుపు తోసుకుని లోపలికెళ్లబోయాను. అది మగవాళ్ల టాయిలెట్! ఆడవాళ్లది ‘వనిత’. అది గుర్తుపెట్టుకోండి చాలు. వాట్సాప్‌లో తిరుగుతుందే వినాయకుడి బొమ్మ ఉన్న 20,000 నోటు, దానికోసం కూడా ఎవర్నీ అడక్కండి. అది 1998లో అచ్చేసింది, ఎప్పుడో చలామణి నుంచి తీసేశారు.

మీ అల్లుడిగారు ప్యాకేజీ టూర్ అంటే వద్దనండి. మేం ఒకసారి చవగ్గా ఉందని తీసుకున్నాం. గుడి దగ్గర ఇరవై నిమిషాలు, మిగతాదంతా ఒక కేకుల కొట్టు, ఒక తోలు సంచుల కొట్టు, ఒక మందుల కొట్టు. కేకు కొనాలనుంటే కేక్ లాపిస్ కొనుక్కోండి, పొరలు పొరలుగా కాలుస్తారు. అందులో గుడ్లు చాలా పడతాయి కాబట్టి అది అమ్మాయికి, మీకు కాదు.

ఇక బారెలాంగ్ వంతెనలు. బాతామ్, రెంపాంగ్, గలాంగ్ దీవుల పేర్లు ముక్కలు కలిపి పెట్టిన పేరది. ఆరు వంతెనలు, 1990ల్లో కట్టారు. తర్వాత ఇండోనేషియా అధ్యక్షుడైన హబీబీ అప్పట్లో బాతామ్ అభివృద్ధి సంస్థకు పెద్ద, ఆయన చొరవతోనే ఇవి వచ్చాయి. మొదటి వంతెన 642 మీటర్లు, తీగల మీద వేలాడుతుంది. ఓపికుంటే దానిదాకా వెళ్లి ఫొటో దిగి వెనక్కి రండి. చివరివైపున్న గలాంగ్‌లో 1979 నుంచి 1996 దాకా వియత్నాం శరణార్థుల శిబిరం నడిచింది. సుమారు రెండున్నర లక్షలమంది ఆ చోటు మీదుగా వేరే దేశాలకు వెళ్లారు. వాళ్లొచ్చిన చెక్క పడవలు, వాళ్ల గుడి, చర్చి, దాదాపు 500 సమాధులు ఇంకా ఉన్నాయి. ఆ పడవల సైజు చూశాక నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. బాతామ్‌లో నాకు అన్నిటికంటే గుర్తున్నది అదే. కానీ పోనూరానూ కారులో చాలాసేపు పడుతుంది, ఎండ దంచేస్తుంది. ఒక్కరోజులో, మీ మోకాళ్లతో, వద్దు. అల్లుడిగారిని ఇంకోసారి విడిగా వెళ్లమనండి.

ప్రశ్న: నేను సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. ఆదివారం బాతామ్ వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాను. అక్కడ చవక కదా, ఒక మందు సీసా, రెండు సిగరెట్ పెట్టెలు తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సింగపూర్

జవాబు: పన్ను లేకుండా అయితే కుదరదు బాబూ. మందు సీసాకి రాయితీ కావాలంటే కనీసం 48 గంటలు సింగపూర్ బయట ఉండి రావాలి, నువ్వు సాయంత్రానికే వచ్చేస్తున్నావు. సిగరెట్లకు ఎన్ని రోజులున్నా రాయితీ లేదు, ఒక్కదానికి కూడా. ఇతర సామాన్ల మీద ఒక్కరోజు వెళ్లొచ్చినవాళ్లకు 100 డాలర్ల దాకా జీఎస్టీ మినహాయింపు ఉన్నా, వర్క్ పర్మిట్ వాళ్లకు అదీ వర్తించదు. ఏం తెచ్చినా కస్టమ్స్ వాళ్ల రెడ్ చానల్‌కి వెళ్లి చెప్పి పన్ను కట్టెయ్. వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్, మాత్రం పొరపాటున కూడా జేబులో ఉంచుకోకు, అది సింగపూర్‌లో నిషిద్ధం.