అమెరికాలో లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ల గతేంటి?

తీవ్రమైన క్రిమినల్ కేసైతే ప్రభుత్వమే లాయరును ఇవ్వాలి. లాయరు సాయం పొందే హక్కునిచ్చే రాజ్యాంగంలోని ఆరో సవరణ 1791 నుంచీ ఉన్నా, రాష్ట్రాల కోర్టుల్లో ఈ హక్కు అందరికీ దక్కింది 1963లోనే.

అక్కడ రెండు వ్యవస్థలు పక్కపక్కనే నడుస్తాయి. ప్రతి రాష్ట్రానికీ సొంత కోర్టులు ఉంటాయి, ఎక్కువ కేసులు తేలేది వాటిలోనే. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) వైపు 94 జిల్లా కోర్టులు, 13 అప్పీల్ కోర్టులు, పైన తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు. రాజ్యాంగ హక్కు ప్రశ్న వస్తే రాష్ట్ర కోర్టు తీర్పునైనా సుప్రీంకోర్టు తిరగదోడవచ్చు.

క్లారెన్స్ గిడియన్ కేసు అలా వెళ్లిందే. 1961లో ఫ్లోరిడాలో ఒక పూల్ రూమ్‌లో (బిలియర్డ్స్ లాంటి ఆట ఆడే చోట) దొంగతనానికి చొరబడ్డాడని ఆయన్ని పట్టుకున్నారు. లాయరును అడిగితే, మరణశిక్ష పడే కేసులకే ఇస్తామని జడ్జి కాదన్నారు. పాపం, తన కేసు తానే వాదించుకుని ఐదేళ్ల శిక్ష వేయించుకున్నాడు. రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా పట్టించుకోకపోతే జైల్లోంచే అమెరికా సుప్రీంకోర్టుకు పెన్సిల్‌తో అర్జీ రాశాడు. ఇలాంటి అర్జీల్లో చాలావరకు విచారణ దాకా రావు. ఇది వచ్చింది. 1963లో తొమ్మిది మంది జడ్జీలూ ఆయన పక్షానే తీర్పిచ్చారు. మళ్లీ విచారణలో లాయరు సాక్షిని గట్టిగా నిలదీశాడు, జ్యూరీ (కేసు విని తేల్చే సామాన్య పౌరుల బృందం) నిర్దోషి అంది.

అయితే సివిల్ దావాలకు ఈ హక్కు వర్తించదు. వీసా గొడవలతో ఇమిగ్రేషన్ కోర్టుకెళ్లే మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: అక్కడ లాయరు ఫీజు సాధారణంగా సొంత ఖర్చే.