షూ పొర ఊడింది: తప్పు షాపుదా, ఎండలో పెట్టిన నాదా?

ప్రశ్న: మాది ఖమ్మం. అమ్మాయి పెళ్లికని హైదరాబాద్‌లో రూ.7,800 పెట్టి ‘ప్యూర్ లెదర్’ షూ కొన్నాను. 22 నెలలైంది. వారం వారం పాలిష్ చేసి కంటికి రెప్పలా చూసుకున్నాను. మొన్న వియ్యంకుడి ఇంట్లో గృహప్రవేశానికి వెళ్తే అందరి ముందే పైపొర పెచ్చులు పెచ్చులుగా ఊడింది. తల కొట్టేసినట్టయింది. షాపువాళ్లకు వాట్సాప్‌లో ఫొటోలు పంపి, ఒకసారి వానలో తడిస్తే డాబా మీద ఎండలో ఆరబెట్టానని కూడా చెప్పాను. ‘మెయింటెనెన్స్ సరిగా లేదు, మాకు సంబంధం లేదు’ అన్నారు. అట్టపెట్టె పారేశాను. బిల్లు మీద అక్షరాలు వెలిసిపోయాయి. తెలిసిన షాపులో పాత తేదీతో ‘లెదర్’ అని బిల్లు రాయిద్దామని మా బావమరిది అంటున్నాడు. పరువు నష్టం కింద రూ.2 లక్షలు వస్తాయా?

జవాబు: గృహప్రవేశం సంగతి పక్కన పెట్టండి. మీ కేసంతా ఒక్క ప్రశ్న మీదే నిలుస్తుంది: ఊడిన పొర కింద ఏముంది?

అసలు తోలు తడిసి ఎండలో ఎండితే బిరుసెక్కుతుంది, వేళ్ల దగ్గర మడతల్లో పగుళ్లిస్తుంది. అంతేగానీ ప్లాస్టిక్ కాగితంలా పొర లేవదు. ఊడిన చోట భూతద్దంతో చూడండి. కింద గుడ్డ నేత కనిపిస్తే అది రెక్సిన్. దాన్ని ఎంత బాగా చూసుకున్నా ఏదో ఒక రోజు ఊడేదే, కాబట్టి షాపువాళ్ల మెయింటెనెన్స్ వాదన నిలవదు. నేత లేకుండా పీచుపీచుగా ఉంటే, తోలు అడుగు పొర మీద పూత వేసిన సరుకు. ‘అదీ లెదరే కదా’ అంటారు. అప్పుడు కేసు కాస్త బలహీనమే.

ఎండ సంగతి వాళ్లకు చెప్పమని మిమ్మల్ని ఎవరడిగారు? వాళ్ల చేతికి మీరే ఆయుధం ఇచ్చారు. తడిసిన తోలు షూలో పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టాలి, ఆరాక క్రీమ్ పట్టించాలి. ఏడు వేలు పెట్టి కొన్నవారు ఆ మాత్రం తెలుసుకోవద్దా? పైగా ఏ మెటీరియలో ముద్రించి ఉండే పెట్టెను చెత్తలో వేశారు!

బావమరిది సలహా మాత్రం చచ్చినా వినకండి. అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద మీరే ముద్దాయి అవుతారు. అసలు ఆ బిల్లుతో పనేముంది? థర్మల్ పేపర్ అక్షరాలు వెలిసిపోవడం మామూలే. యూపీఐలోనో కార్డుతోనో కట్టి ఉంటే బ్యాంక్ స్టేట్‌మెంట్ తీయండి. డూప్లికేట్ బిల్లు ఇవ్వమని షాపును రాతపూర్వకంగా అడగండి. జీఎస్టీ చట్టం ప్రకారం వాళ్లు లెక్కలు ఆరేళ్లు దాచాల్సిందే. ఆ బిల్లులో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకాన్ని తెలిపే అంకె) ఉంటే అదే మీ ప్రధాన సాక్షి. 6402 అంటే ప్లాస్టిక్ లేదా రబ్బరు పైభాగం, అంటే లెదర్ కాదని వాళ్లే రాసుకున్నట్టు. 6403 అంటే పైభాగం తోలు. అప్పుడు అది తోలు కాదని ల్యాబ్ రిపోర్టు తేలిస్తే చాలు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే. పొర ఊడిన రోజు నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు గానీ అవతలివాళ్లు కొన్న రోజు నుంచే లెక్కిస్తారు. ఆ వాదనకు చోటెందుకివ్వాలి? మీ చేతిలో రెండు నెలలే ఉన్నాయనుకోండి. వాట్సాప్ మెసేజ్‌లతో, లాయర్ నోటీసుతో గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉన్నా, తగిన కారణం చూపాలి. ‘పనుల్లో పడి మర్చిపోయాను’ అంటే కుదరదు.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. స్పందించకపోతే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయండి. మీరు ఉండేచోటే వేయవచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. రూ.5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఫిర్యాదుతోపాటే షూను పరీక్షకు పంపమని 38వ సెక్షన్ కింద పిటిషన్ పెట్టండి. చెన్నై అడయారులోని కేంద్రీయ తోళ్ల పరిశోధనా సంస్థ పేరు సూచించండి. పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాలి. రెండు లక్షల ఆశ వదిలేసి షూ ధర, సబబైన నష్టపరిహారం, ఖర్చులు అడగండి.

అప్పటిదాకా ఆ షూ తొడగకండి, పాలిష్ పూయకండి, చెప్పులు కుట్టేవారితో అతికించకండి. మైనం పగుళ్లలోకి దిగితే ల్యాబ్‌వాళ్లకూ చిక్కే. ఊడిన పెచ్చులతో సహా గుడ్డ సంచిలో పెట్టండి, పాలిథిన్ కవర్‌లో బూజు పడుతుంది. ‘తెచ్చివ్వండి, చూస్తాం’ అని షాపువాళ్లు తియ్యగా పిలిచినా రసీదు లేకుండా వాళ్ల చేతికివ్వకండి.