సంతకం ఉన్న పుస్తకాన్ని ఆన్‌లైన్ వేలంలో పెట్టేముందు ఏం చూసుకోవాలి?

రచయిత సంతకం ఉన్న మొదటి ముద్రణ ప్రతిని ఈబేలో వేలానికి పెట్టాలనుకుంటున్నారు. ఎంత నుంచి మొదలుపెట్టాలి, సర్టిఫికెట్ అవసరమా అని అడిగారు. ధర సంగతి తర్వాత చూద్దాం, ముందు సంతకం సంగతి తేల్చుకోండి.

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం తీసుకుని, లైటును పేజీకి పక్కవాటుగా పట్టి చూడండి. బాల్ పెన్ అయితే కాగితం మీద గాడి కనిపిస్తుంది. ఫౌంటెన్ పెన్ సిరా కాగితం పోగుల్లోకి పాకుతుంది, గీత మీద గీత పడినచోట ముదురుతుంది. అచ్చువేసిన సంతకంలో ఇవేవీ ఉండవు, చాలాసార్లు సన్నటి చుక్కలు బయటపడతాయి. అసలు చిక్కు ఆటోపెన్‌తోనే, అంటే సంతకాన్ని అచ్చం అలాగే గీసే యంత్రంతోనే. యంత్రం పట్టుకున్నదీ నిజమైన పెన్నే కాబట్టి భూతద్దం ఒక్కటే చాలదు. గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో సాగుతుంటే, మొదలైనచోటా ఆగినచోటా చిన్న బొట్టు ఉంటే అనుమానించండి. అదే రచయిత సంతకాల ఫొటోలు వెతికి పక్కన పెట్టి చూడండి. రెండు సంతకాలు గీతకు గీత సరిపోయాయంటే అవి చేత్తో పెట్టినవి కావు. 2022లో గాయకుడు బాబ్ డిలాన్ స్వయంగా సంతకం చేశారని అమ్మిన ఆయన పుస్తకం 900 ప్రతుల గుట్టు రట్టయింది కొన్నవాళ్లు ఇలా ఫొటోలు పోల్చుకున్నాకే. చివరికి అందరికీ డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది.

సంతకం పుస్తకం పేజీ మీదే ఉందో, విడిగా సంతకం చేయించి లోపల అతికించిన చీటీ (బుక్‌ప్లేట్) మీద ఉందో ప్రకటనలో స్పష్టంగా రాయండి. బుక్‌ప్లేట్‌కు తక్కువ పలుకుతుంది. దాన్ని దాచిపెడితే పుస్తకం తిరిగి మీ గుమ్మంలోకే వస్తుంది. ‘ఫలానావారికి’ అని రాసి ఉన్న ప్రతికి కూడా మామూలుగా ఒట్టి సంతకం కన్నా తక్కువే. ఆ ఫలానావారు రచయితకు దగ్గరివారని పేరున్న మనిషైతే మాత్రం లెక్క తలకిందులవుతుంది.

మొదటి ముద్రణో కాదో కాపీరైట్ పేజీలోని అంకెల వరస చూసి చెప్పొచ్చు. ‘1’ ఉంటే మొదటిదే. కానీ రాండమ్ హౌస్ చాలా ఏళ్లపాటు మొదటి ముద్రణలో కూడా వరసను ‘2’తోనే ఆపి, పక్కన ‘ఫస్ట్ ఎడిషన్’ అని వేసేది. కాబట్టి ఆ ప్రచురణకర్త పద్ధతి ఏమిటో కనుక్కోండి.

మీరే ప్రింట్ తీసి జతచేసే సర్టిఫికెట్‌ను ఎవరూ నమ్మరు. సంతకం అసలుదో కాదో తేల్చే పీఎస్‌ఏ, జేఎస్‌ఏ లాంటి సంస్థల పరిశీలనకు విలువ ఉంది గానీ, వాళ్ల ఫీజు పోగా మిగిలేంత ఖరీదైన ప్రతికే ఆ దారి. వాళ్ల స్టిక్కర్ మాత్రం పుస్తకం మీద వేయించకండి, ధ్రువీకరణ లెటర్ తీసుకోండి. సంతకాల సభ టికెట్, కొన్న బిల్లు, రచయిత సంతకం పెడుతున్నప్పటి ఫొటో ఉంటే అవే మంచి సాక్ష్యం.

ధర కోసం అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టండి. అడుగుతున్న ధరలను పట్టించుకోవద్దు. ఆ రచయిత ప్రతులు తరచూ అమ్ముడవుతుంటే తక్కువ నుంచి మొదలుపెట్టండి, పోటీయే పైకి లాగుతుంది. ఎప్పుడో ఒకటి అమ్ముడయ్యే రచయితైతే ఆ ధైర్యం చేయొద్దు: ఒక్కడే బిడ్ వేస్తే మొదటి ధరకే ఇచ్చేయాలి. అలాంటిదాన్ని మీకు గిట్టుబాటయ్యే ధర దగ్గరే మొదలుపెట్టండి. రిజర్వ్ ధర (అంతకన్నా తక్కువకు అమ్మనని పెట్టుకునే హద్దు) పెడితే చాలామంది అసలు బిడ్డే వేయరు. శీర్షికకు 80 అక్షరాలే ఇస్తారు కాబట్టి ‘అరుదైనది’ లాంటి మాటలకు చోటు వృథా చేయకుండా రచయిత, పుస్తకం, సంతకం, ముద్రణ, ఏడాది రాయండి.

సంతకాన్ని నేరుగా ఒకటి, పక్కవాటు వెలుతురులో ఒకటి ఫొటో తీయండి. కాపీరైట్ పేజీ, జాకెట్ (అట్ట మీద తొడిగే కాగితం) లోపలి మడతలో ధర ఉండే మూల, వెన్ను రెండు చివరలు, ఉన్న మచ్చలన్నీ చూపించండి. ధర మూల కత్తిరించి ఉంటే ఆ మాటా రాయండి.

ప్యాకింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేవి మూలలు. బబుల్ ర్యాప్ జాకెట్‌కు నేరుగా తగలకూడదు, వేడికి దాని గుండ్రాల అచ్చు పడుతుంది. ముందు పాలిథీన్ సంచి, పైన పుస్తకం కన్నా కాస్త పెద్దవైన రెండు అట్టలు, ఆ తర్వాతే బబుల్ ర్యాప్, అట్టపెట్టె. ఊపితే లోపల కదలకూడదు. బీమా చేయించి, అందుకున్నవారు సంతకం పెట్టే డెలివరీ ఎంచుకోండి. ఆ ప్రతికే ప్రత్యేకమైన ఒక చిన్న మరకనో ముడతనో ముందే ఫొటో తీసి ఉంచుకోండి. వేరే ప్రతిని వాపసు పంపి డబ్బు అడిగినప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం అదే.