ఏటి పండగకు పోయే ముందు

తల్లీ,

కనుమ రోజు పిల్లలిద్దరినీ తీసుకుని నెల్లూరు ఏటి పండగకు పోతానన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. బెంగళూరులో పుట్టిన పిల్లలకు పెన్న చూపించాలని నీకు అనిపించినందుకు ఎంత మురిసిపోయానో! ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

పెందలాడే రంగనాయకులపేట చేరండి, పొద్దుపోతే కారు పెట్టడానికి చోటుండదు. పులిహోర, తాగే నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకో. ముందు రంగనాథస్వామి దర్శనం చేసుకోండి. అద్దాల మండపం పిల్లలకు తప్పకుండా చూపించు. తిక్కన గారు భారతం రాసింది ఈ ఏటి ఒడ్డునే అని మా నాన్న గోపురం కింద నిలబెట్టి చెప్పేవాడు, నువ్వూ చెప్పు.

ఇక నీళ్ల సంగతి.

ఒకసారి ఇదే ఏటి పండగకు పోయినప్పుడు నాకు పదమూడేళ్లు, మీ నాన్నకు ఆరు. అమ్మ దేవుళ్లను చూడ్డానికి పోతూ "తమ్ముడి చెయ్యి వదలొద్దు" అని ఒక్క మాట చెప్పింది. చెరుకు గడ ఒలుచుకోవడానికి రెండు చేతులూ కావాలని నేను వదిలేశా. పాయలో చీలమండ లోతే నీళ్లు, అడుగున ఇసుక తెల్లగా కనబడుతోంది. తెగిన గాలిపటం కోసం వాడు నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగుకు మనిషి లేడు. కేక కూడా వినబడలేదు. నీళ్ల మీద వాడి ఎర్ర టోపీ ఒక్కటే గిరగిరా తిరుగుతోంది. ఇసుక బండ్లవాళ్లు తవ్వి వదిలేసిన గుంత అది. పక్కనే ఎద్దుల్ని కడుగుతున్న ముసలాయన దూకి, జుట్టు పట్టి లాగాడు. వాడు ఇసుక నీళ్లు కక్కుకుని ఏడ్చాక గానీ నాకు ఏడుపు రాలేదు. ఇంట్లో మాత్రం కాలవలో జారాడని అబద్ధం చెప్పా. అమ్మ పోయేదాకా నిజం చెప్పలేకపోయా.

అందుకే అంటున్నా, తేటగా ఉన్నాయని నీళ్లను నమ్మొద్దు. పైనున్న సోమశిల డ్యాం నుంచి నీళ్లు వదిలారేమో ముందురోజే కనుక్కో. 2021 నవంబరులో వచ్చిన వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కోసుకుపోయింది, గుర్తుందిగా. అక్కడ ఫోటోలంటూ ఫోన్ తియ్యొద్దు. నీకు ఫోన్ చేతికొస్తే లోకం తెలీదు. కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ, నా భయం అలాంటిది.

కోవూరు నుంచి నేనూ ఆటోలో వస్తా. మోకాళ్లు సహకరించకపోయినా తువ్వాలు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటా. నువ్వు ఒక్కో చేత్తో ఒక్కొక్కరిని పట్టుకో. చెరుకు నేను ఒలిచి పెడతా, ఒడ్డుకొచ్చాక తిందురు గానీ.

మీ అత్త