మైకు కొనేముందు డ్రమ్మర్ ఎక్కడ కూర్చుంటాడో చూడు

చిన్నీ,

మనిషెత్తు వయొలిన్ లాంటి నీ డబుల్ బాస్‌కు మైకు కొందామని నువ్వు పంపిన లిస్టు చూశాను. అన్నీ మంచి మైకులే, వంక పెట్టడానికి లేదు. కానీ అవి చూస్తుంటే నువ్వు స్టూడియోలో ఒక్కదానివే నిలబడి వాయించబోతున్నట్టుంది. నువ్వు వాయించేది డ్రమ్స్, కీబోర్డుల పక్కన, మైక్‌సెట్ వాళ్ళు తెచ్చిన స్పీకర్ల మధ్య. అక్కడ మైకు నీ డబుల్ బాస్‌ను ఎంత బాగా అందుకుంటుందన్నది రెండో ప్రశ్న. పక్కవాళ్ళను ఎంత తక్కువగా అందుకుంటుందన్నది మొదటిది.

హైదరాబాద్ లామకాన్‌లో ఒక గిటారు, ఒక గొంతు, నీ బాస్ ఉన్నాయనుకో. నెత్తిన కప్పు లేదు, గోల తక్కువ. స్టాండు మీద ఒక్క మైకు పెట్టుకుని హాయిగా వాయించుకోవచ్చు. రవీంద్రభారతిలోనో త్యాగరాయ గానసభలోనో అయితే డ్రమ్స్‌ను నాలుగడుగులు అవతలికి జరపమని అడగొచ్చు. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి రెస్టారెంట్లలో ఆ ముచ్చట లేదు. మూలన మూడు టేబుళ్ళు తీసేసి అదే స్టేజీ అంటారు. వెనక గాజు గోడ, భుజం పక్కనే డ్రమ్స్‌లోని కంచు పళ్ళెం, రైడ్ సింబల్. అక్కడ స్టాండు మైకు పెడితే మిక్సర్ మీద నీ శబ్దం పెంచే మీట, ఫేడర్, లేపినప్పుడల్లా సింబల్ కూడా లేస్తుంది. నీ ప్రోగ్రాములు ఎక్కువగా ఇలాంటి చోట్లే కాబట్టి మిగతాది వాటి గురించే రాస్తాను.

మైకు కంపెనీ కంటే ముందు దూరం చూడు. మైకుకూ బాస్‌కూ మధ్య దూరం సగానికి తగ్గితే, మైకుకు అందే బాస్ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల నుంచి 15కి తెచ్చావంటే ఆ మేరకు ఫేడర్ దించుకోవచ్చు. డ్రమ్స్ కూడా అంతే దిగిపోతాయి, ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ శబ్దం మళ్ళీ మైకులో దూరి కూత పెట్టే భయమూ తగ్గుతుంది. పైసా ఖర్చు లేకుండా వచ్చే ఈ మేలు రేటు ఎక్కువ పెట్టి కొన్న మైకు కూడా ఇవ్వదు.

మరి పూర్తిగా ఆనించేస్తే సరిపోదా అంటావేమో. ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా వినే కార్డియాయిడ్ మైకులకు ఒక గుణం ఉంది: దగ్గరికి వెళ్ళేకొద్దీ కింది స్వరాలను ఉబ్బించి వినిపిస్తాయి. పాడేవాళ్ళ గొంతుకు అది అందమే. డబుల్ బాస్‌కు అసలే ఆ సరుకు ఎక్కువ. హాలంతా గుమ్మని మోగుతుంది, మిక్సర్ దగ్గరున్న కుర్రాడు కంగారుపడి బేస్ నాబ్ మొత్తం తగ్గించేస్తాడు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇక నీ వాయిద్యంలో వేళ్ళ టపటపలు తప్ప ఏమీ మిగలదు. ఈ ఉబ్బు బాగా తక్కువగా ఉండేలా కట్టిన డైనమిక్ మైకు ఎలక్ట్రో వాయిస్ ఆర్ఈ20. బాస్ మీద దాని పనితనం నాకు చాలా ఇష్టం. కానీ బరువెక్కువ. అద్దె సామానుతో వచ్చే సన్న స్టాండ్లు పాట సగంలోనే తల వంచేస్తాయి. పైగా నువ్వు వాయిస్తూ ఊగుతావు. బాస్ ఒక బెత్తెడు కదిలితే మైకు దూరం మారుతుంది, శబ్దమూ మారుతుంది.

అందుకే నా ఓటు వాయిద్యానికే పట్టుకునే క్లిప్ మైకుకు. నువ్వెటు తిరిగినా అది నీతోనే తిరుగుతుంది. డీపీఏ కంపెనీ క్లిప్ మైకు 4099కు బాస్ కోసం ప్రత్యేకంగా క్లిప్ దొరుకుతుంది. తీగలను మోసే బ్రిడ్జికీ, వాటి కింది కొసలను పట్టి ఉంచే టెయిల్‌పీస్‌కూ మధ్య ఉన్న తీగలను పట్టుకుంటుంది, చెక్కకు గీత పడదు. వంగే మెడ ఉంటుంది కాబట్టి మైకు తలను కావలసినచోటికి తిప్పుకోవచ్చు. పెట్టె మీద ఉండే ఎఫ్ ఆకారపు కంతకు (ఎఫ్-హోల్) ఎదురుగా మాత్రం పెట్టకు. అక్కడినుంచి పెట్టెలోని గాలి ఊపు వస్తుంది, బురద బురదగా వినిపిస్తుంది. బ్రిడ్జి కాలికీ ఎఫ్-హోల్‌కూ మధ్య చెక్క వైపు చూపించు. వేళ్ళతో తీగలు నొక్కే ఫింగర్‌బోర్డు వైపు జరిపితే తీగ కొట్టుకునే చప్పుడు ఎక్కువ వస్తుంది. స్పష్టత చాలకపోతే కొద్దిగా బ్రిడ్జి వైపు జరుపు.

ఈ 4099 సూపర్‌కార్డియాయిడ్ రకం. మామూలు కార్డియాయిడ్ సరిగ్గా తన వెనక నుంచి వచ్చేది వినదు. సూపర్‌కార్డియాయిడ్‌కు వెనక కొంచెం చెవి ఉంటుంది, వెనక నుంచి కాస్త పక్కలకు చెవుడు. కాబట్టి నీకు వినిపించడానికి స్టేజీ మీద పెట్టే మానిటర్ స్పీకర్‌ను మైకు వీపుకు సూటిగా కాకుండా ఓ పక్కకు పెట్టించు. అలాగని మరీ ఆశపడకు. ఏ మైకుకైనా ఈ చెవుడు పై స్వరాలకే గట్టిగా ఉంటుంది, కిక్ డ్రమ్ ఎలాగూ కొంత దూరుతుంది.

అంత డబ్బు ఇప్పుడు లేకపోతే టెన్షన్ పడకు. షూర్ ఎస్ఎమ్57కు ఫోమ్ చుట్టి, టెయిల్‌పీస్ కింద దూర్చి, తల బ్రిడ్జి వైపు ఉండేలా పెట్టడం బాస్ వాళ్ళ పాత పద్ధతి. ఏసీ మెకానిక్‌లు రాగి గొట్టాలకు తొడిగే నల్ల ఫోమ్ ఉంటుంది చూడు, దాన్ని నిలువునా చీల్చి చుట్టు. వదులుగా ఉంటే ఇంకో పొర వెయ్యి. మైకు లోహం ఎక్కడా చెక్కకు తగలకూడదు, తగిలితే గరగర మొదలవుతుంది. దీని గొంతులో డీపీఏ నాజూకు ఉండదు, కానీ డ్రమ్స్ పక్కన బాగా నిలబడుతుంది. కొత్తది కొనేటట్టయితే అధీకృత డీలర్ దగ్గరే కొను, ఈ మోడల్‌కు నకిలీలు ఎక్కువ. కేబుళ్ళూ స్టాండ్లూ మాత్రం కోఠీ గుజరాతీ గల్లీలో చూసుకో.

మైకు వచ్చిందని, బాస్ వణుకును నేరుగా అందుకునే పికప్ తీసి పారెయ్యకు. గోల ఎక్కువున్న రోజు కింది స్వరాలన్నీ పికప్‌కు వదిలెయ్యి. మైకు ఛానల్‌లో 150 నుంచి 200 హెర్ట్జ్ కింద ఉన్నది కోయించి, చెక్క వాసన కోసం పైన కొంచెం కలపమను. పైజో పికప్‌ను నేరుగా మిక్సర్‌కు గుచ్చితే ముక్కుతో పాడినట్టుంటుంది. కనీసం 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్, అంటే పికప్ శబ్దాన్ని మిక్సర్‌కు తగ్గట్టు చేసే డబ్బా, మధ్యలో ఉండాలి. రెండూ కలిపినప్పుడు శబ్దం బక్కచిక్కినట్టు అనిపిస్తే, ఒక ఛానల్‌లో శబ్ద తరంగాన్ని తిరగేసే పొలారిటీ బటన్ నొక్కించి చూడు. ఏ స్థితిలో నిండుగా ఉంటే అలాగే ఉంచెయ్యి.

మైకు ఒక్కటే వాడే రోజున కూడా కింద కొంత కోత ఉండాలి. నీ ఇ తీగ 41 హెర్ట్జ్. అద్దెకు తెచ్చే స్పీకర్లలో చాలావాటికి అంత కిందికి దిగే ఊపిరి లేదు, అక్కడ పోసే పవరంతా స్టేజీ అదురుకే పోతుంది. 50 దగ్గర కోసినా స్వరం పోదు, దాని రెట్లలో మోగే పై స్వరాలను విని చెవి మిగతాది పూరించుకుంటుంది.

ఇంకో పని ఇంట్లోనే చేసుకో. ప్రతి బాస్‌కూ తనకు నచ్చిన స్వరం ఒకటుంటుంది, పెట్టె మొత్తం దానికి ఊగుతుంది. చాలావాటికి అది 100 హెర్ట్జ్‌కు అటూ ఇటూ, అంటే నీ ఖాళీ జి తీగ దగ్గర్లో. స్టేజీ మీద ముందు కూత పెట్టేది తరచూ అక్కడే. నీ గొంతు అంత కిందికి దిగదు కాబట్టి బావగారిని పిలిచి, ఎఫ్-హోల్ దగ్గర నోరు పెట్టి కింది నుంచి మెల్లగా పైకి 'ఊఁ' అనమను. ఆయన పాడేది మనం వినగలిగే సందర్భం ఇదొక్కటే. చెక్క మీద నీ అరచెయ్యి ఆనించి ఉంచు, గట్టిగా వణికిన చోట ఫోన్‌లో ట్యూనర్ పెట్టి హెర్ట్జ్ రాసుకో. మిక్సర్ దగ్గర 'అదేదో మోగుతోందండీ' అనడం కన్నా 'ఫలానా 104 దగ్గర సన్నగా 4 డెసిబెల్స్ తగ్గించండి' అంటే పని వెంటనే అవుతుంది.

క్లిప్ మైకు కొంటే మిక్సర్ నుంచి కేబుల్ గుండా మైకుకు వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలని మైక్‌సెట్ వాళ్ళకు ముందు రోజే ఫోన్ చేసి చెప్పు. మిక్సర్‌లో ఉండదంటే చిన్న ఫాంటమ్ డబ్బా నువ్వే తీసుకెళ్ళు. గుచ్చేముందు ఛానల్ మ్యూట్ చేయించు, లేకపోతే ఠాప్పుమని పేలుతుంది.

డీపీఏ సంగతి దసరా తర్వాత చూద్దువుగాని. ఇప్పటికి 57 కొనకు, నా దగ్గర ఒకటి ఖాళీగా పడుంది, వచ్చి పట్టుకెళ్ళు. ఫోమ్ మాత్రం నువ్వే తెచ్చుకో.

మీ మావయ్య